బాపు బండిని ఇథనాల్‌కు మార్చబోయి

2025 వానాకాలం చివర్లో నిజామాబాద్ జిల్లా బోధన్ వెళ్ళినప్పుడు బాపు బండి స్టార్ట్ కాలేదు. బాపు అంటే మా నాన్న. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన దాన్ని ముట్టుకోలేదు, నాలుగు నెలలుగా వసారాలోనే ఉంది. కిక్ కొట్టీ కొట్టీ కాలు లాగేసరికి తోసుకుంటూ మెకానిక్ భాయ్ షాపుకు తీసుకెళ్ళాను. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ కింది గిన్నెను ఆయన విప్పి నా అరచేతిలో పెట్టాడు. అడుగున సున్నం రాసినట్టు తెల్లటి పొడి, దాని మీద జిగట. ఇంజన్‌కు పెట్రోలు వదిలే చిన్న రంధ్రపు ముక్క, మెయిన్ జెట్‌ను ఎండకు పట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు.

"పెట్రోల్ల ఏందో కలుపుతున్నరు తమ్మీ. ఈ వారంల ఇది మూడో బండి," అన్నాడు.

ఏం కలుపుతున్నారో నాకు తెలుసు. ఇథనాల్, చెరకు నుంచీ ధాన్యం నుంచీ తీసే ఆల్కహాల్. బంకులో పోసే పెట్రోల్లో ఇప్పుడు ఇరవై శాతం అదే. తెలియడమే కాదు, కలపాలని స్నేహితుల దగ్గర గట్టిగా వాదించినవాణ్ణి నేను. మాది చెరకు పండించిన ఇల్లు. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ నీడలో పెరిగినవాళ్ళం. సీజన్లో ఊరంతా మడ్డి (మొలాసిస్) వాసన, రోడ్డంతా చెరకు బళ్ళు. ఈ బండి కూడా 1992లో చెరకు బిల్లు వచ్చాక కొన్నదే. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ కనబడిన వంద సీసీ బండి. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మా పొలంలో ఇప్పుడు వరి. చెరకు డబ్బుతో వచ్చిన బండి చెరకు నుంచి తీసిన ఇంధనంతో నడిస్తే ఎలా ఉంటుందన్న ఊహ నాకు చాలా ఏళ్ళుగా ఉంది.

అందుకే ఆ గిన్నెను చేతిలో పట్టుకునే, "సగం సగం ఎందుకు భాయ్, పూర్తిగా ఇథనాల్‌తోనే నడిచేటట్టు మార్చేద్దాం," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మారుస్త. కానీ ఏమేం మార్చాల్నో నువ్వు చెప్పు. నాకైతే ఎవ్వరూ చెప్పలే."

ముప్పై ఏళ్ళుగా కార్బొరేటర్లు విప్పుతున్న మనిషి ఆ మాట అనడం నన్ను కుదిపేసింది. దేశంలో పెట్రోలు మారింది. ఆ పెట్రోలు తాగే కోట్ల పాత బళ్ళను చూసుకునే మనిషికి మారిందని కబురు కూడా అందలేదు.

సీసాలో చూసినది

మొదట నా అనుమానాలు చెప్పాలి. ఆ తెల్లపొడికి ఇథనాలే కారణమని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. బండి ముప్పై మూడేళ్ళది. ట్యాంకు మూత రబ్బరు ఎండి పగుళ్ళిచ్చింది. వసారాలోకి జల్లు కొడుతుంది. ట్యాంకు లోపల తుప్పు ఉంది. అచ్చమైన పెట్రోలు పోసి నాలుగు నెలలు వదిలేసినా ఏదో ఒకటి అడ్డుపడేదే. ఇంధనం మారిన ఏడాదిలో పాడైన ప్రతి భాగాన్నీ ఇథనాల్ ఖాతాలో రాసేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఎలుక కొరికిన పైపును చూపించి "ఇథనాలే తినేసింది" అన్న ఆయన్ని నేను స్వయంగా చూశాను.

కాబట్టి ఇంట్లోనే చిన్న పరీక్ష చేశాను. గీతలున్న గాజు గొట్టంలో వంద మిల్లీలీటర్ల పెట్రోలు, ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు ఆగాను. నీళ్ళు అడుగుకు దిగాయి. కానీ ఇరవై గీత దగ్గర ఆగలేదు, నలభైకి కాస్త కింద ఆగాయి. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ నీటితో పాటు కిందికి దిగిపోయిందన్నమాట. పెట్రోలు, నీళ్ళు పక్కపక్కనే ఉంటే ఇథనాల్ నీళ్ళ వైపే వెళ్తుంది.

ట్యాంకులో జరిగేదీ ఇదే. అచ్చమైన పెట్రోల్లో పడ్డ నీటిచుక్క అడుగున విడిగా ఉంటుంది, ట్యాంకు కింది కుళాయి, అంటే కాక్, తెరిచి వదిలేస్తే పోతుంది. ఇథనాల్ ఉంటే కొంత నీటిని తనలో కలుపుకుని ఇంజన్లోకి తీసుకెళ్ళి కాల్చేస్తుంది. అంతవరకూ అది మేలే, రోజూ తిరిగే బండికి చింత లేదు. తన పట్టు దాటిన నీరు చేరితే మాత్రం నీళ్ళూ ఇథనాలూ కలిసి ఒక పొరగా అడుగుకు చేరతాయి. ఆ పొర సరిగ్గా పెట్రోలు కాక్ దగ్గర, కార్బొరేటర్ గిన్నెలో కూర్చుంటుంది. ఆ గిన్నె జింకు, అల్యూమినియం కలిసిన పోత. నెలల తరబడి అలా నిలబడితే తెల్లగా పూస్తుంది.

అంటే తప్పు ఇథనాల్ ఒక్కదానిదీ కాదు, పాతబడ్డ ట్యాంకుదీ కాదు. ఆ రెండూ ఒకచోట, కదలకుండా, నాలుగు నెలలు ఉండటం అసలు కారణం. ఈ ముక్క తెలిసి ఉంటే ఆపరేషన్‌కు ముందు కాక్ మూసేసి, గిన్నె ఖాళీ చేసి పెట్టేవాణ్ణి. ఐదు నిమిషాల పని.

డెబ్బై ఐదు, డెబ్బై ఎనిమిది

ఇక మార్పు లెక్క. నేను దీని మీద చాలా రాత్రులు కూర్చున్నాను, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. కొత్త ఇంజెక్షన్ బళ్ళలో సైలెన్సర్ గొట్టంలోని సెన్సర్ చూసి కంప్యూటర్ తనంతట తాను సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు కళ్ళు లేవు. 1992లో ఏ రంధ్రం పెట్టి పంపారో ఆ రంధ్రంలోంచే ఇంధనం వదులుతుంది. ఇరవై శాతం ఇథనాల్ వచ్చినప్పుడు అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పోయకపోతే మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, థ్రాటిల్ తిప్పగానే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. భాయ్ తీసిన ప్లగ్గు పాలిపోయి ఉంది. అంతకుముందు బాపు బండి ప్లగ్గు ఎప్పుడు తీసినా ఇటుక రంగులో ఉండేది.

మా జెట్టు మీద 75 అని ఉంది, అది రంధ్రం వ్యాసాన్ని చెప్పే నంబరు. 78 వేస్తే రంధ్రం వ్యాసం 4 శాతం పెరుగుతుంది, వైశాల్యం 8 శాతం. సరిగ్గా కావలసినంత. నంబరులో మూడే తేడా, అంతే. దానితో పాటు గాలి పాళ్ళు సర్దే ఎయిర్ స్క్రూ కాస్త తిప్పాలి, ఇంధనం ఇంకాస్త వదలడానికి నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దింపి చూడాలి. హైదరాబాద్ పుత్లీబౌలిలో జెట్టు దొరికింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రబ్బరు సామాన్ల దుకాణంలో వైటాన్ పైపు దొరికింది. మామూలు నల్ల పైపు ఇథనాల్‌లో మెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది, వైటాన్ తట్టుకుంటుంది. ఫ్లోట్ నీడిల్ కొనకుండే రబ్బరు ముక్క, గిన్నె వాషర్, కాక్ వాషర్, ట్యాంకు మూత రబ్బరు కూడా మార్చాం. ట్యాంకులో నట్లు, కిరసనాయిలు వేసి ఊపి ఊపి తుప్పు దించాం. ఇథనాల్ మంచి ద్రావకం. పాత ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న జిగురును కరిగించి జెట్టులోకి తోసేస్తుంది. అందుకే పెట్రోలు దారిలో కొత్త ఫిల్టరు పెట్టి, రెండు ట్యాంకులు అయ్యాక దాన్నీ మార్చాం.

మొత్తం సామానుకు తొమ్మిది వందల లోపే అయింది. బండి ఇప్పుడు రెండో కిక్కుకు స్టార్ట్ అవుతుంది.

మైలేజీ సంగతి అడుగుతారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదానిలో మూడింట రెండు వంతులు. ఆ లెక్కన ఇరవై శాతం కలిపితే శక్తి దాదాపు 7 శాతం తగ్గాలి. నీతి ఆయోగ్ 2021 జూన్ నివేదికలో పాత రెండు చక్రాల బళ్ళకు మైలేజీ 3 నుంచి 4 శాతం, కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుతుందని రాశారు. నాకు లీటరుకు 62 నుంచి 58కి వచ్చింది. మూడు ట్యాంకుల లెక్క మీద ఇంతకంటే గట్టిగా మాట్లాడను, టైర్లలో గాలి తేడా చాలు ఆ అంకె మారడానికి.

ఇక్కడ రెండు స్ట్రోకుల బళ్ళవాళ్ళకు ఒక మాట. ఆ బళ్ళ పెట్రోల్లో కలిపే మామూలు టూటీ ఆయిల్ ఇథనాల్‌లో సరిగా కలవదు, ఇథనాల్ శాతం పెరిగేకొద్దీ ఆ ఇబ్బంది పెరుగుతుంది. ఇథనాల్‌లో హాయిగా కలిసే నూనె ఒకటుంది, ఆముదం. ఆల్కహాల్‌తో నడిచే రేసు ఇంజన్లలో ఆముదం నుంచి చేసిన నూనెలే వాడేవారు. పాలమూరు చేలలో పెరిగే పంటకు ఇంత పనితనం ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కానీ అది పెట్రోల్లో సరిగా కలవదు, ఇంజన్లో జిగురూ వదులుతుంది. ఇంట్లో ఉంది కదా అని స్కూటర్ ట్యాంకులో పోసేయకండి.

నూటికి నూరు ఎందుకు వదులుకున్నాను

పూర్తి ఇథనాల్‌కు లెక్క వేస్తే ఇంధనం ఒకటిన్నర రెట్లకు పైగా కావాలి. 75 జెట్టు 93 అవ్వాలి. అది కష్టం కాదు. రంధ్రం పెద్దది చేయడం భాయ్‌కు ఐదు నిమిషాల పని. అసలు కష్టాలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఒకటి, చలి. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి లాగుతుంది. మా దగ్గర జనవరి పొద్దున పది డిగ్రీలు మామూలే. ఆ చలిలో అచ్చమైన ఇథనాల్ రాజుకోదు. బ్రెజిల్ కార్లలో ఇందుకోసమే బానెట్ కింద విడిగా చిన్న పెట్రోలు డబ్బా పెట్టేవారు. ఆ డబ్బా నుంచి కాస్త పెట్రోలు చిమ్మి స్టార్ట్ చేసి, తర్వాత ఇథనాల్ మీదికి మళ్ళడం. నేను కూడా చిన్న సీసా, సూది లేని సిరంజి అనుకున్నాను. మోకాలు నొప్పితో ఉన్న డెబ్బై రెండేళ్ళ మనిషి పొద్దున్నే సిరంజితో కార్బొరేటర్‌లోకి పెట్రోలు కొట్టుకోవాలా? బండి నాది కాదు, బాపుది. ఈ సంగతి నేను మరిచిపోయాను. ఆయనే గుర్తు చేశాడు. "నేను నడపాల్నా, మందియ్యాల్నా దీనికి?" అన్నాడు.

రెండు, లాభం లేదు. ఇథనాల్ ఆక్టేన్, అంటే నొక్కినప్పుడు ముందే పేలకుండా తట్టుకునే గుణం, 108 దాకా ఉంటుంది. దాని బలం ఎక్కువ కంప్రెషన్‌లో, అంటే మిశ్రమాన్ని గట్టిగా నొక్కే ఇంజన్లో, బయటపడుతుంది. ఆ బలం కోసమే బ్రెజిల్లో ఇథనాల్ ఇంజన్ల కంప్రెషన్ పెంచి కట్టారు. మా బండి కంప్రెషన్ నిష్పత్తి తొమ్మిదికి లోపే. హెడ్డు, పిస్టను మార్చనిదే ఆ ఆక్టేన్ వృథా, మైలేజీలో మూడో వంతు మాత్రం పోతుంది.

మూడు, కొనడం. 2024 మార్చిలో 'ఇథనాల్ 100' పేరుతో ఇథనాల్ ఇంధనాన్ని 183 బంకుల్లో అమ్మడం మొదలుపెట్టారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, తమిళనాడు. ఆ జాబితాలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మహారాష్ట్ర మాకు కూతవేటు దూరమే. అయినా ఇంధనం కోసం రాష్ట్రం దాటే బండి ఏం బండి? పైగా ఆర్‌సీలో పెట్రోలు అని ఉంది. ఇంధనం మార్చాలంటే ఆర్టీయే ఆఫీసు అనుమతి కావాలి.

కానీ నన్ను నిజంగా ఆపింది ఈ మూడూ కాదు, బ్రెజిల్ కథే. నేను ఉత్సాహపడింది ఆ కథ చదివే. 1975లో అక్కడ పెట్రోలుకు బదులు ఇథనాల్ వాడించడానికి ప్రోఆల్కూల్ పథకం పెట్టారు. 1976లో డాడ్జ్ 1800, ఫోక్స్‌వాగన్ బీటిల్, గుర్గెల్ షావాంటే అనే మూడు పెట్రోలు బళ్ళను ఇథనాల్‌కు మార్చి వేల కిలోమీటర్లు దేశమంతా తిప్పి చూపించారు. సావో జోసే దోస్ కాంపోస్‌లోని విమానయాన పరిశోధనా కేంద్రంలో ఉర్బానో ఎర్నెస్టో స్టుంఫ్ అనే ఇంజనీరు ఆ పని వెనుక ఉన్నాడు. 1979లో ఫియట్ 147 ఫ్యాక్టరీ నుంచే ఇథనాల్‌తో వచ్చింది. ఎనభైల నడుమకు అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో తొంభై శాతానికి పైగా ఇథనాల్‌వే. తర్వాత చక్కెర ధర పెరిగింది, మిల్లులు చెరకును చక్కెర వైపు మళ్ళించాయి. 1989, 90లలో ఇథనాల్ కార్లున్నవాళ్ళు బంకుల ముందు బారులు తీరారు. వాళ్ళ కార్లు వేరే ఏదీ తాగలేవు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి 2003 దాకా పట్టింది. ఆ ఏడాది ఏ పాళ్ళలో పోసినా నడిచే ఫ్లెక్స్ కారు వచ్చింది.

ఒకే ఫ్యాక్టరీకి చెరకు తోలే ఊరు ఆ ఫ్యాక్టరీ మూతపడితే ఏమవుతుందో నేను చూశాను. బాపు బండిని కూడా అలా ఒకే గుమ్మానికి కట్టేయాలనిపించలేదు.

ఇంకో సంగతి కూడా కలుక్కుమంది. నేను ఊహించుకున్న చెరకు ఇథనాల్ ఇప్పుడు ప్రధానం కాదు. 2024-25లో అతిపెద్ద వాటా మొక్కజొన్నది, ఆపైన బియ్యం కూడా ఉన్నాయి. ఆ ఏడాది మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు లీటరుకు 71.86 రూపాయలు ఇచ్చాయి. రైతుకు అందులో కొంత చేరుతోంది, మా వైపు మొక్కజొన్న వేసేవాళ్ళు ఆ మాట చెబుతున్నారు, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే గోదావరి అవతల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో జనం రోడ్డు మీద కూర్చున్నారు, పనులు ఆపాల్సి వచ్చింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో నీళ్ళు, వాసన గురించి అంతకుముందే గొడవ జరిగింది. మడ్డి వాసనను నేను ప్రేమగా గుర్తు చేసుకుంటున్నాను. ఆ ఊళ్ళవాళ్ళు దానిలాంటి వాసనలోనే ఇప్పుడు బతకాలి. ఈ రెండింటినీ నేను ఇంకా సరిపుచ్చుకోలేదు.

ఎవరూ చెప్పని పని

ఇంతకీ నా వాదన ఏమిటంటే, పాత బండిని ఇథనాల్‌కు మార్చడం ఒక పని. దానికి సామాను ఉంది, కొలత ఉంది, చేతి నేర్పు ఉంది. మనం ఇంధనం మార్చి, ఆ పనిని మాత్రం లేనట్టు వదిలేశాం.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. పెట్రోల్లో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలైనప్పుడు బళ్ళు ఆగిపోలేదు. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు పాత ఇంజన్ల వాల్వులు అరిగిపోతాయని భయపడ్డారు. బాపు బండి ఆ మార్పునూ దాటింది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో కూడా పెద్ద నష్టం లేదనే చెప్పారు. కొన్ని పాత బళ్ళలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చు, అది మామూలు సర్వీసులో తక్కువ ఖర్చుతో అయిపోతుందన్నారు.

అది నిజమేనని నా తొమ్మిది వందల బిల్లే చెబుతోంది. నా ఫిర్యాదు ఖర్చు మీద కాదు. ఆ రబ్బరు భాగాలు ఏవి? ఏ రబ్బరుతో మార్చాలి? నల్ల పైపు తీసి మళ్ళీ నల్ల పైపే వేస్తే మార్చినట్టా? కార్బొరేటర్ బండికి జెట్టు సంగతేమిటి? బోధన్‌లో భాయ్ షాపుకు ఈ జవాబులు ఎవరు తీసుకెళ్ళాలి? పాత బళ్ళు కంపెనీ సర్వీసు సెంటర్లకు వెళ్ళవు, చెట్టు కింది షాపులకు వెళ్తాయి. ఆ షాపుల్లో గోడకు అంటించడానికి ఒక్క కాగితం, బంకు దగ్గర పట్టుకెళ్ళడానికి ఒక్క కరపత్రం తెలుగులో ఉంటే ఆ వారం మూడు బళ్ళ గిన్నెలు పూయకపోవును.

నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే పాత బళ్ళ కోసం పది శాతం మిశ్రమాన్ని కూడా బంకుల్లో ఉంచాలని సూచించారు. మా ఊళ్ళో బంకు ఏదైనా ఇరవై శాతమే దొరుకుతోంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాబట్టి ఎంచుకునే దారి దగ్గర్లో వచ్చేటట్టు లేదు. అలాంటప్పుడు మార్చే పనినైనా గౌరవించాలి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ పాఠంలో జెట్టు లెక్క చేర్చాలి. తట్టుకునే రబ్బరుకు ఒక గుర్తు పెట్టి స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరికేలా చూడాలి. పదిహేనేళ్ళు దాటిన బండి ఆర్‌సీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు హారన్, లైట్లతో పాటు పెట్రోలు పైపు కూడా చూడాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

కొత్త బండి కొనుక్కోవచ్చు కదా అంటారు. మా ఊళ్ళో పాలు పోసేవాళ్ళు, కూరగాయలు తెచ్చేవాళ్ళు నడిపేవన్నీ ఈ బళ్ళే. ఇంకా పదేళ్ళు నడిచే ఇంజన్ను జెట్టు నంబరులో మూడు తేడా కోసం తుక్కుకు పంపడం నాకు పర్యావరణం మీద ప్రేమలా కనిపించదు.

దసరాకు మళ్ళీ వెళ్ళాను. భాయ్ షాపులో డబ్బాల పక్కన పిల్లల నోటు పుస్తకం ఒకటి వేలాడుతోంది. నేను చెప్పిన లెక్క ఆయన ఉర్దూలో రాసుకున్నాడు, అంకెలు మాత్రం మామూలువే. 75 ఎదురుగా 78, దాని కింద ఇంకో రెండు కార్బొరేటర్ల జెట్లు. ఒకదాని పక్కన ప్రశ్నార్థకం. ఆ బండి ప్లగ్గు నల్లబడిందట, జెట్టు ఎక్కువైంది. ఒక అంకె తగ్గించి చూద్దాం అన్నాను. అప్పటికి ఐదు బళ్ళు చేశాడు.

"దీనికి మజూరీ ఎంత తీసుకోవాల్నో సమజైతలేదు తమ్మీ. ట్యూనింగ్ అంటే నూటయాభై ఇస్తరు. ఇది ట్యూనింగ్ కాదు గదా," అన్నాడు.

కూర్చుని లెక్కేశాం. ట్యాంకు కడగడానికి గంట, కార్బొరేటర్‌కు గంటన్నర, ప్లగ్గు రంగు చూసుకుంటూ రెండుసార్లు రోడ్డు మీద తిప్పి రావడం. మూడు వందల యాభై అని తేల్చి, నోటు పుస్తకం మొదటి పేజీలో రాశాడు.